మన చిన్న బడికి ఒక లస్కరు కావాలి

(స్వర్ణోత్సవాల ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకిచ్చిన విషయం “చిన్న బడిలో కళలు, సాంకేతికత, గ్రంథాలయం”. ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలు. వంటశాల వైపు నుంచి గుత్తివంకాయ వాసన వస్తోంది కాబట్టి ఆ గీత దాటను.

చిన్న బడి అంటే మన హైస్కూలు ప్రహరీ అవతల, చెరువు గట్టున ఉన్న ప్రాథమిక పాఠశాల. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ముందు అక్కడ అక్షరాలు దిద్దినవాళ్లే. ఇవాళ అక్కడ ఐదు తరగతులకూ కలిపి నలభైమంది లోపే పిల్లలున్నారు. టీచర్లు ఇద్దరు. 2022లో 117వ నంబరు జీవో వచ్చి 3, 4, 5 తరగతుల పిల్లల్ని హైస్కూళ్లలో కలపమన్నప్పుడు ఇలాంటి బళ్లలో ఒకటీ రెండూ తరగతులే మిగిలాయి. 2025లో ఆ జీవోను పక్కన పెట్టి ప్రాథమిక బళ్లకు మళ్లీ ఐదు తరగతులూ ఇచ్చారు. తరగతులు తిరిగొచ్చాయి గాని, పిల్లలు అందరూ తిరిగి రాలేదు. పొద్దున్నే ఎనిమిదింటికి మన సెంటర్లో నిలబడితే పసుపుపచ్చ బస్సులు ఎన్ని వెళ్తున్నాయో మీరే లెక్కపెట్టుకోవచ్చు. చేరేవాళ్లు ఏటా తగ్గుతూ పోతే ఏదో ఒక సంవత్సరం ఆ బడి తలుపు తెరవడానికి కారణం ఉండదు. అందుకే ఈ విషయం మాట్లాడటానికి ఇది సరైన సమయం అనుకుంటున్నాను.

మన స్వర్ణోత్సవ నిధిలో ఖర్చులు పోగా మిగిలే సొమ్ము ఏం చేయాలన్నది సర్వసభ్య సమావేశంలో తేలుస్తారు. హైస్కూలుకు గ్రానైటు ముఖద్వారం కట్టి దాతల పేర్లు చెక్కించాలని ఒక ప్రతిపాదన ఉంది. చిన్న బడికి ఏదైనా చేయాలన్నది రెండోది. నేను రెండోదాని తరఫున మాట్లాడతాను. అయితే “ఏదైనా” అంటే ఏమిటన్నది ముందు తేల్చుకోవాలి. ఎందుకంటే ఆ బడికి వస్తువులు ఇవ్వడం ఇది మొదటిసారి కాదు.

1986 జాతీయ విద్యావిధానం వచ్చాక, 1987 నుంచి కేంద్ర ప్రభుత్వం ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డు’ అని ఒక పథకం నడిపింది. దేశంలో ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధన సామగ్రి ఉండాలన్నది దాని ఉద్దేశం. ఆ సామగ్రి జాబితా చదివితే ఇవాళ్టికీ ఆశ్చర్యం వేస్తుంది. పటాలు, గ్లోబు, అయస్కాంతాలు, భూతద్దం, తక్కెడ, కొలత టేపు ఉన్నాయి. సైన్సు కిట్టు ఉంది. పనిముట్ల పెట్టె ఉంది. పిల్లలకు కనీసం 200 పుస్తకాలు, పత్రికలు, నిఘంటువు ఉన్నాయి. డోలక్కో తబలానో, హార్మోనియం, తాళాలు ఉన్నాయి. అంటే కార్యదర్శి గారు నాకిచ్చిన మూడు విషయాలూ దాదాపు నలభై ఏళ్ల కిందటే ఒకే కాగితం మీద ఉన్నాయి.

మరి ఏమయ్యాయి? కొన్ని బళ్లకు సామాను పూర్తిగా చేరలేదు. చేరిన బళ్లలో చాలాచోట్ల బీరువాలో చేరింది. బీరువాకు తాళం పడింది. తప్పు టీచరుదని చెప్పడం తేలిక. కానీ ఆయన వైపు నుంచి చూడండి. ప్రతి వస్తువూ స్టాకు రిజిస్టరులో ఎక్కింది. తనిఖీకి వచ్చిన అధికారి భూతద్దం ఏదంటే చూపించాలి. పిల్లవాడు పగలగొడితే జవాబు చెప్పుకోవాలి, ఒక్కోసారి జేబులోంచి కట్టుకోవాలి. వాడితే ప్రమాదం, వాడకపోతే ఎవరూ అడగరు. అలాంటప్పుడు బుద్ధున్నవాడెవడైనా తాళమే వేస్తాడు.

నేను ముప్పై ఏళ్లు కాలువల మీద పనిచేసినవాణ్ణి. అందుకని నాకు దీనికి పోలిక కాలువలోనే దొరుకుతుంది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు. దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బ్యారేజీకి 175 గేట్లు. కింద 10 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు. బ్యారేజీ బొమ్మ క్యాలెండర్ల మీద ఉంటుంది. కానీ శివారు భూమికి నీరు అందేది ఎవరి వల్ల? పొద్దున్నే సైకిలేసుకుని గట్టు మీద తిరిగే లస్కరు వల్ల. తూము తలుపు ఎంత ఎత్తాలో, ఎప్పుడు దించాలో, ఏ బోదెకు వంతు ఎప్పుడో, ఎక్కడ గట్టు జారుతోందో ముందు తెలిసేది అతనికే. ఇంజనీరు సెలవు మీద వెళ్లినా కాలువ నడుస్తుంది. లస్కరు వారం రోజులు రాకపోతే శివారు రైతు ఆఫీసు ముందు కూర్చుంటాడు.

మన చిన్న బడికి బ్యారేజీలు చాలా వచ్చాయి. లస్కరు రాలేదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దీనికి వివరణ.

ముందు గ్రంథాలయం సంగతి. ఈ విషయంలో మనం ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు. రాజమండ్రిలో వాసురాయ గ్రంథాలయం, మరో గ్రంథాలయం కలిసి గౌతమీ గ్రంథాలయం అయింది. ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమాన్ని ఊరూరా తిప్పిన అయ్యంకి వెంకటరమణయ్య గారు పుట్టింది మన తూర్పు గోదావరి కొంకుదురులో. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడటం వెనుక ఆయన ఉన్నారు. ఆ ఉద్యమంలోనే, 1935లో, కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం గారు పడవ గ్రంథాలయం నడిపించారు. పెదవడ్లపూడి నుంచి కొల్లూరు వరకు కాలువలో పడవ వెళ్తుంటే గట్టు మీది ఊళ్లవాళ్లు పుస్తకాలు తీసుకునేవారు. పుస్తకం కోసం మనిషి రాకపోతే మనిషి ఉన్నచోటికి పుస్తకమే వెళ్లాలని వాళ్లకు తట్టింది. దారి ఏదంటే కళ్లముందున్న కాలువే.

చట్టాలకూ కొదవ లేదు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద మనం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడిలోనూ గ్రంథాలయం ఉండాలని, అందులో పత్రికలు, కథల పుస్తకాలు కూడా ఉండాలని రాసింది. సమగ్ర శిక్ష కింద ప్రాథమిక పాఠశాలకు ఏడాదికి 5,000 రూపాయల వరకు పుస్తకాలకు ఇచ్చే వీలుంది. కాబట్టి మనం వంద పుస్తకాలు కొనిచ్చి ఫొటో దిగితే బీరువాలో ఇంకో అర నిండుతుంది, అంతే.

చేయాల్సినవి చిన్న పనులు. పుస్తకాలు బీరువాలోంచి బయటికి రావాలి. గది ఈ గోడ నుంచి ఆ గోడకు పిల్లల ఛాతీ ఎత్తున తాడు కట్టి, బట్టలారేసే క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీస్తే చాలు. అట్ట కనబడితేనే చిన్నపిల్లలు పుస్తకం తీస్తారు. వెన్ను చూసి ఎంచుకోవడం పెద్దవాళ్ల అలవాటు. శనివారం ప్రతి పిల్లా ఒక పుస్తకం ఇంటికి తీసుకెళ్లాలి, సోమవారం తేవాలి. రాసుకునే పని ఐదో తరగతి పిల్లలు ఇద్దరేసి, వంతులవారీగా చూసుకుంటారు. ఒకటో తరగతి పిల్లలకు చదవడం రాదు కదా అనవద్దు. వాళ్లకు రోజూ పావుగంట ఎవరో ఒకరు గట్టిగా చదివి వినిపించాలి. ఇంట్లో నాయనమ్మకూ కళ్లు కనబడవు, మనవడికీ అక్షరాలు రావు. బొమ్మలు చూపిస్తూ విన్న కథ వాడు చెబుతాడు, ఆవిడ వింటుంది. ‘బుడుగు’ను రాసిన ముళ్లపూడి వెంకటరమణ గారిది ధవళేశ్వరం. బుడుగుకు రూపమిచ్చిన బాపు గారిది నరసాపురం. ఆ పుస్తకం మన బడి తాడు మీద వేలాడకపోతే గోదావరికే చిన్నతనం.

పోతాయి కదండీ, చింపుతారు కదండీ అని అడుగుతారు. పోతాయి. కాలువ డిజైను చేసేటప్పుడే ఇంకుడుకు ఇంత, ఆవిరికి ఇంత అని కొంత నీటిని నష్టం కింద ముందే లెక్కలో వేస్తాం. నష్టం ఉంటుందని తూము మూసేయం. అలాగే నూటికి పది పుస్తకాలు ఏటా పోతాయని మన సంఘం ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆ పుస్తకాలు సంఘం ఆస్తిగా ఉండి, బడికి అరువిచ్చినట్టు ఉండాలి. అప్పుడు పోయినదానికి జవాబు మనం చెబుతాం, టీచరు కాదు. ఈ ఒక్క కాగితం వెయ్యి పుస్తకాలతో సమానమని నా నమ్మకం.

రెండోది సాంకేతికత. ఈ మాట వినగానే అందరికీ కంప్యూటర్ గుర్తొస్తుంది. నాడు–నేడు పనుల తర్వాత చాలా ప్రాథమిక బళ్లకు స్మార్ట్ టీవీలు వచ్చాయి, మన బడికీ వచ్చింది. మంచిదే. కానీ ఆరేడేళ్ల పిల్లలకు సాంకేతికత చేతిలోంచి మొదలవుతుంది. మనందరం వేసవిలో ముంజెలు తినేశాక రెండు తాటికాయలకు మధ్యలో పుల్ల గుచ్చి, పంగల కర్ర తగిలించి బండి తోలినవాళ్లమే. చక్రం ఉంది, ఇరుసు ఉంది, రాపిడి ఉంది. పుల్ల వంకరగా దిగితే బండి పక్కకు లాగుతుంది. మళ్లీ తీసి గుచ్చాలి. తాటాకు గిరకకు తుమ్మముల్లు గుచ్చి గాలికి ఎదురు పరుగెత్తితే గిర్రున తిరిగేది. ముల్లు బిగిస్తే తిరగదు, వదులైతే ఊడిపోతుంది. ఎంత వదులుండాలో చెయ్యే చెప్పేది. ఇంజనీరింగు కాలేజీలో నాలుగేళ్లు చెప్పింది మళ్లీ ఈ సంగతే, కాస్త లెక్క చేర్చి.

కాబట్టి ఒక పనిముట్ల పెట్టె ఉండాలి. సుత్తి, పటకారు, స్క్రూడ్రైవరు, చిన్న రంపం, టేపు, జిగురు. వారానికి ఒక మధ్యాహ్నం ఊళ్లోని వడ్రంగి గాని, మోటార్లు బాగుచేసే కుర్రాడు గాని వచ్చి దగ్గరుండి చేయించాలి. వాళ్లకు మనం కూలి ఇవ్వాలి, వట్టి శాలువాలు కప్పి పంపకూడదు. పాడైన టేబులు ఫ్యాను విప్పి మళ్లీ బిగించిన పిల్ల యంత్రాన్ని చూసి భయపడదు.

ఇంకొకటి. ఒక ప్లాస్టిక్ సీసా మెడ కోసి, దాన్నే తిరగేసి గరాటులా పెట్టి, అడుగు చదును చేసి, పక్కన సెంటీమీటర్ల కాగితం అతికిస్తే వర్షమాపకం అవుతుంది. జూన్ నుంచి నవంబరు దాకా రోజూ పొద్దున్న ఒకే వేళకు చూసి రాయాలి. మూడో తరగతికి దశాంశాలు అక్కడే వస్తాయి. పేపర్లో మన మండలానికి వేసిన వర్షపాతంతో పోల్చుకోవచ్చు. తేడా వస్తే ఎందుకొచ్చిందని అడుగుతారు. ఆ ప్రశ్న రావడమే మనకు కావాలి. ఏడాదికోసారి ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియానికి తీసుకెళ్తే ఆనకట్ట నమూనాలు చూస్తారు. తిరిగొచ్చి బడి వెనక మట్టిలో లాకు కట్టి కాగితం పడవ ఎక్కిస్తారు. బట్టలు పాడవుతాయి. పాడవనివ్వండి.

మూడోది కళలు. దీన్ని మనం ఆగస్టు 15కి, జనవరి 26కి, వార్షికోత్సవానికి వదిలేశాం. అప్పుడు కూడా సినిమా పాటకు నాట్యం. అది తప్పని అనను, పిల్లలు సరదా పడతారు. కానీ రాజమండ్రి మనకు ఇంకో దారి చూపించింది. ఓస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర రాజమండ్రి ఆర్ట్సు కాలేజీకి ప్రిన్సిపాలుగా ఉండేవాడు. బొమ్మలు నేర్పడం ఆయన ఉద్యోగం కాదు. అయినా దామెర్ల రామారావు అనే కుర్రవాడి చేతిలో ఏముందో చూశాడు, ప్రోత్సహించి బొంబాయి జె.జె. కళాశాలకు పంపించాడు. 28 ఏళ్లు నిండకముందే 1925లో మశూచికంతో పోయిన ఆ చిత్రకారుడి బొమ్మలు చూడటానికి ఇవాళ్టికీ రాజమండ్రి చిత్రకళాశాలకు జనం వెళ్తారు. అడవి బాపిరాజు గారు కూడా కూల్డ్రే శిష్యుడే. చూసే మనిషి ఒక్కడుంటే ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి ఇది చాలు.

మన చిన్న బడిలో దామెర్ల పుడతాడని నేను హామీ ఇవ్వను. ప్రతి పిల్లవాడు గీసినదాన్ని ఒక మనిషి నిలబడి చూడాలి, ఇదేమిట్రా అని అడగాలి. బ్రిటిష్ సాయంతో 1989–96 మధ్య మన రాష్ట్రంలో నడిచిన ప్రాథమిక విద్యా పథకం సూత్రాలలో ఇదొకటి, పిల్లల పనిని తరగతి గదిలో ప్రదర్శించాలని. అందులోనే ఇంకో సూత్రం, స్థానిక పరిసరాలను వాడుకోవాలని. మన పరిసరాల్లో లేనిదేముంది? చెరువు మట్టి ఉంది. కొత్తపేటలో విగ్రహాలు చేసే శిల్పులున్నారు. నరసాపురం లేసుకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ అల్లిక తెలిసిన ఆడవాళ్లు మన జిల్లాల్లో ఇంటింటా ఉన్నారు. వాళ్లు మనసులో కుట్లు లెక్కపెట్టుకుంటూ పువ్వు అల్లుతారు. ఒక వరసలో ఆరు, పై వరసలో పన్నెండు, ఆపైన పద్దెనిమిది. ఆరో ఎక్కం చూపించడానికి అంతకన్నా అందమైన చార్టు నేనెరగను. అమ్మ చేతిపని బడిలో పాఠమైతే పిల్లకు అమ్మ మీద గౌరవం పెరుగుతుంది. బడి మీద అమ్మకు నమ్మకం పెరుగుతుంది. పసుపుపచ్చ బస్సుకు జవాబు అక్కడుంది.

ఈ మూడూ వేర్వేరు కాదని చెప్పడానికి ఒకే ఒక్క ఉదాహరణ. 1986 ఆగస్టు వరద మనలో చాలామందికి గుర్తే. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పుడు ఎవరు ఏ గట్టు మీద తలదాచుకున్నారో, గొడ్లను ఎలా కాపాడుకున్నారో చెప్పేవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు, కానీ ఏడాదికేడాది తగ్గుతున్నారు. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు టీచరు ఫోను తీసుకెళ్లి తాతయ్యల మాటలు రికార్డు చేయాలి. అది సాంకేతికత. బడికొచ్చి విని సొంత మాటల్లో రాసి, బొమ్మలు వేయాలి. అది కళ. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో టేపుతో కొలిచి గోడ మీద గీత గీయాలి. ఆ కాగితాలన్నీ కుట్టి అట్ట వేస్తే మన ఊరి వరద పుస్తకం. అది తాడు మీద వేలాడుతుంది. గ్రంథాలయంలో పిల్లలు రాసిన పుస్తకం ఒక్కటున్నా మిగతా పుస్తకాలు ఎవరో మనుషులే రాశారని వాళ్లకు తెలుస్తుంది. తర్వాతి ఏడాది 1996 నవంబరు తుపాను, ఆ పై ఏడాది ఊరి చేపల పేర్లు, వరి రకాల పేర్లు. పనికి కొదవ లేదు.

ఇదంతా ఎవరు చేస్తారు? ఇద్దరు టీచర్లు ఐదు తరగతులకు పాఠాలు చెప్పాలి, మధ్యాహ్న భోజనం చూడాలి, ఫోనులో హాజరూ ఫొటోలూ ఎక్కించాలి. వాళ్ల నెత్తిన ఇది కూడా పెడితే మళ్లీ బీరువాకే చేరుతుంది. అందుకే లస్కరు కావాలంటున్నాను. ఊళ్లో డిగ్రీ చదివి ఇంటి దగ్గరున్న ఆడపిల్లలు ఎంతోమంది ఉన్నారు. హెడ్మాస్టరు గారి సమ్మతితో, విద్యాశాఖ అనుమతితో, అలాంటి ఒక అమ్మాయి వారానికి మూడు మధ్యాహ్నాలు బడికి రావాలి. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడం, కథ చదివి వినిపించడం, వడ్రంగినీ లేసు అల్లే పిన్నినీ పిలవడం, రంగులు అయిపోతే తెప్పించడం ఆమె పని. ఆమెకు నెలనెలా గౌరవ వేతనం మన సంఘం ఇవ్వాలి. నిధి అసలు కదపకుండా బ్యాంకులో వేసి, వడ్డీతో ఇది నడపాలి. వడ్డీ చాలకపోతే బ్యాచ్‌కు ఒక ఏడాది చొప్పున తలా కాస్త వేసుకుందాం.

ఇంకొక మాట. ఏటా వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీస్తాం, తలుపులకు గ్రీజు పెడతాం. ఒక్క ఏడాది మానేస్తే మరుసటి ఏడాది శివారుకు నీరు తగ్గుతుంది. అలాగే మే నెలలో ఒక రోజు సంఘం సభ్యులు నలుగురు బడికి వెళ్లి పుస్తకాలు లెక్కచూసి, చిరిగినవి అంటించి, పనిముట్లకు నూనె రాసి, ఏది వాడారో ఏది వాడలేదో టీచర్లతో కూర్చుని మాట్లాడాలి. వాడనిదాన్ని తిరిగి కొనకూడదు. ఆ రోజు ఫ్లెక్సీ వద్దు, దండలు వద్దు.

ముఖద్వారం ప్రతిపాదించిన పెద్దలంటే నాకు గౌరవం. ముఖద్వారానికి ఒక సుగుణం ఉంది, ఒకసారి కడితే మళ్లీ చూడనక్కర్లేదు. నేను అడుగుతున్నదానికి ఆ సుగుణం లేదు. దీన్ని ప్రతి వారం చూసుకోవాలి. ఆ చూసుకోవడం చేతనవుతుందో లేదో నిజాయతీగా ఆలోచించుకునే సర్వసభ్య సమావేశంలో చెయ్యి ఎత్తండి. చేతకాదనుకుంటే ముఖద్వారమే కట్టండి, నేనూ నా వాటా ఇస్తాను. చేతనవుతుందనుకుంటే జూన్‌లో బడి తెరిచే రోజుకు తాడు, క్లిప్పులు నేను తెస్తాను. గౌరవ వేతనంలో మొదటి ఏడాది సగం మా బ్యాచ్ భరిస్తుందని మా వాళ్లు నాతో చెప్పమన్నారు. మిగతా సగానికి ఏ బ్యాచ్ ముందుకొస్తుందో భోజనాల దగ్గర చెప్పండి, ఈ సంచికలో పేరు వేయించే పూచీ నాది.

ఇరవై నిమిషాలు అయినట్టుంది.